కట్టు విప్పని చెయ్యి

మా ఆడవాళ్ళ సర్జికల్ వార్డులో డ్రెస్సింగ్ ట్రాలీకి ఒక చక్రం వంకర. ఎంత నూనె వేసినా కీచుమంటూనే ఉండేది. పొద్దున్న ఆ చప్పుడు వినగానే వార్డంతా సర్దుకునేది. కాఫీ గ్లాసులు మంచాల కిందికి వెళ్ళేవి, మగవాళ్ళు బయటికి నడిచేవారు, కుట్లంటే భయపడేవాళ్ళు ముట్టుకోకముందే "అమ్మో" అనడం మొదలుపెట్టేవారు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక నాకు యూనిఫాం గుర్తు రాలేదు, సిస్టర్స్ రూములో నా కుర్చీ గుర్తు రాలేదు. ఆ కీచు చప్పుడు కోసం మాత్రం చెవులు వెతుక్కునేవి. వీధిలో కూరల బండి వెళ్ళినా లేచి కూర్చునేదాన్ని. మా ఆయన "ఇది ట్రాలీ కాదే, దొండకాయలు" అనేవారు.

నా పేరు సుగుణ. పుట్టింది తణుకు, ఉద్యోగం రాజమండ్రి. స్టాఫ్ నర్సుగా చేరి, అదే వార్డుకి హెడ్ సిస్టర్‌నై రిటైరయ్యాను. ప్రమోషన్లూ ఇన్‌స్పెక్షన్లూ ఎక్కడైనా ఒకటే కాబట్టి వాటి గురించి రాయను.

ఈ మధ్య నాకే గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయింది. రాళ్ళు మొండికేస్తే పొట్ట కోసి తీశారు. పడుకుని ఉంటే, మా వీధి నుంచి కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన అమ్మాయి చూడటానికి వచ్చింది. "ఆంటీ, రోజూ పొద్దుటంతా డ్రెస్సింగులే చేసేవారంట కదండీ? మాకు ఇప్పుడు అంత పని లేదండి, అంటించేసి వదిలేస్తాం" అంది. ఆ పిల్ల తప్పేమీ మాట్లాడలేదు. అయినా ఆ మాట గుచ్చుకుంది. ఆ పొద్దుటంతా ఏం చేసేవాళ్ళమో ఆ పిల్లకీ, ఆ పిల్ల తర్వాత వచ్చేవాళ్ళకీ చెప్పాలనిపించింది.

అంచులు లోపలికి

నేను చేరేసరికి వార్డు కరుణమ్మగారి చేతిలో ఉండేది. పొట్టి మనిషి, మెత్తటి గొంతు. గోదావరి జిల్లాల మర్యాదంతా రోగులకి పంచి, మిగిలింది మాకు ఇచ్చేవారు. మిగిలేది ఏమీ ఉండేది కాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గాజ్ గుడ్డ తానులు కత్తిరించి మడతలు పెట్టడం మా పని. కత్తిరించిన అంచు ఎప్పుడూ మడత లోపలికి పోవాలి. బయటికి ఉంటే పోగు ఊడి గాయంలో పడుతుంది, ఆ పోగు చుట్టూ చీము చేరుతుంది. కరుణమ్మగారు మడతల్ని కిటికీ వెలుతురుకేసి పట్టుకుని చూసేవారు. ఎక్కడైనా ఒక పోగు వేలాడితే బుట్ట మొత్తం బోర్లించేసేవారు.

"నీ చీర అంచు కుట్టించుకోకుండా పెళ్ళికి కట్టుకెళ్తావా? మరి ఆవిడ పొట్ట మీద ఎలా పెడతావే?"

రోగుల తాలూకు ఆడవాళ్ళు కూడా చేతులు సబ్బుతో కడుక్కుని మాతో కూర్చునేవారు. సముద్రం పక్క నుంచి వచ్చినవాళ్ళు వలలు బాగుచేసిన చేతులతో మాకంటే చకచకా మడిచేసేవారు. ఒకరి కోడలి సంగతి, ఇంకొకరి పడవ సంగతి, మధ్యలో నవ్వులు. మడిచినవన్నీ డ్రమ్ముల్లో పెట్టి ఆవిరి మిషన్‌కి పంపితే, మర్నాడు మూత తీసినప్పుడు ఇస్త్రీ పెట్టిన తడిబట్ట వాసన వచ్చేది. ఇప్పుడు అన్నీ కాగితం ప్యాకెట్లలో తయారుగా వస్తున్నాయి, మేం చేసినవాటికంటే శుభ్రంగానే వస్తున్నాయి. కానీ ఆ మధ్యాహ్నాలు నాకు మళ్ళీ కావాలి. ఒక్కటి దొరికినా చాలు.

కరుణమ్మగారి రెండో చట్టం వరస. మంచి కుట్లు ముందు, చీము పట్టినవి ఆఖర్న. ట్రాలీ ఆ వరసలోనే నడవాలి. ఒకసారి తణుకు వైపు పెద్ద రైతుగారి తల్లి చేరింది. సుగరు మనిషి, వీపు మీద పెద్ద గడ్డ కోశారు, దాన్నుంచి చీము కారుతోంది. కొడుకు తెల్లచొక్కా వేసుకుని వార్డు గుమ్మంలో నిలబడి, "మా అమ్మగారికి ముందు చెయ్యాలండి. వరసలో ఆఖర్న కూర్చోబెడితే ఏం బాగుంటుందండి?" అన్నారు.

నేనైతే రూల్సు చెప్పేదాన్ని. కరుణమ్మగారు చేతులు జోడించినంత పని చేశారు.

"అయ్యో బాబుగారూ, ముందు చేస్తే హడావుడిగా అయిపోద్దండి. అమ్మగారిది తీరిగ్గా, అందరిదీ అయ్యాక, ఇంక నన్నెవరూ పిలవకుండా కూర్చుని చెయ్యాలని ఉంచానండి."

"ఆయ్, అలాగైతే సరేనండి" అన్నారు ఆయన, మొహం విప్పారి. మర్నాటి నుంచి ఎవరైనా వాళ్ళమ్మగారిని ముందు చూడబోతే ఆయనే అడ్డుపడేవారు.

కరుణమ్మగారు ట్రాలీ తోసుకుంటూ నా చెవిలో అన్నారు: "ఇక్కడి మనుషులతో మర్యాద దగ్గర దెబ్బలాడకే. ఓడిపోతావు. ఆ మర్యాదనే నీ పనికి కట్టుకో."

ఇంకొకటి కూడా ఆవిడే నేర్పారు. కట్టు విప్పకముందు, చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకభాగాన్ని కట్టు పక్కన ఒంటి మీద ఆనించాలి. తర్వాత కట్టు లేని అటుపక్క, అదే చోట ఆనించాలి. రెండూ ఒకేలా ఉంటే నిమ్మళం. కట్టు పక్క వేడిగా ఉంటే లోపల ఏదో మొదలైందన్నమాట. పిల్లకి జ్వరం వచ్చిందేమోనని తల్లి చూసినట్టే. నా తర్వాత చేరిన ఆడపిల్లలందరికీ ఇది నేర్పాను. థర్మామీటర్ని నమ్మవద్దని కాదు, దానికంటే ముందు చెయ్యి చెబుతుంది.

తృప్తి కోసం రాసే మందు

సర్జన్ మూర్తిగారికి ఆయింట్‌మెంట్ పేరెత్తితే ఒళ్ళు మంట. మా రోగులకేమో ఆయింట్‌మెంట్ అంటే ప్రాణం. కుట్ల మీద ఏమీ రాయకుండా పొడి గాజ్ పెట్టి ప్లాస్టర్ వేస్తే, "మందు రాయలేదేంటండి సిస్టర్‌గారూ? మేం పరాయోళ్ళమా?" అని చిన్నబుచ్చుకునేవారు. మూర్తిగారు రౌండ్సులో అందరికీ వినబడేలా చెప్పేవారు.

"శుభ్రంగా కుట్టిన కుట్టు తనంతట తనే అతుక్కుంటుందమ్మా. దాని మీద మందు రాస్తే తృప్తి మనకి, తడి దానికి."

కాలిన గాయాలకీ, తోలు లేచిపోయినచోటా ఆయనే ఆయింట్‌మెంట్ పూయించేవారు. ఒక ముసలమ్మ పుండు వాసన వార్డంతా కొట్టి, ఏ మందుకీ లొంగకపోతే, శుభ్రం చేసి అందులో పంచదార నింపమన్నారు. తణుకు పిల్లని, పంచదార ఫ్యాక్టరీ వాసన మధ్య పుట్టినదాన్ని, నేనే "పంచదారేనా అండీ?" అని రెండుసార్లు అడిగాను. వాసన తగ్గింది, పుండు ఎర్రగా తేరుకుంది. చీమలు మాత్రం జిల్లా నలుమూలల నుంచీ బయల్దేరి వచ్చాయి. మంచం కోళ్ళ కింద నీళ్ళ డబ్బాలు పెట్టి కాపలా కాశాం. ఇది చదివి ఎవరూ ఇంట్లో పంచదార డబ్బా తెరవకండి. పక్కన సర్జన్ ఉండి చేయించిన పని అది.

అంత మంచి డాక్టరుగారు ఒక విషయంలో మాత్రం పాతకాలం మనిషి. కుట్టుని రోజూ తెరిచి చూడాలి ఆయనకి. తెరిచిన ప్రతిసారీ లోపలికి ఏదో వెళ్తుందని కొత్త డాక్టర్లు చదువుకుని వచ్చి చెప్పారు. ఆయన కోప్పడ్డారు, వాదించారు, చివరికి ఒప్పుకున్నారు. ఒప్పుకున్న రోజున ట్రాలీ పక్కన నిలబడి "మరి పొద్దున్నే మనం ఏం చేద్దాం సుగుణా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. నాకు నవ్వు రాలేదు.

ఆదిలక్ష్మి

మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డు ఊరు ఆమెది. ఒడ్డున చేపలు కొని, తట్టలో పెట్టుకుని ఊళ్ళమ్మట అమ్మే మనిషి. మూర్తిగారు వెళ్ళిపోయి శ్రీవాణిగారనే చిన్నవయసు డాక్టరమ్మ వచ్చాక చేరింది. ఏళ్ళ తరబడి బరువులెత్తి బొడ్డు దగ్గర పేగు బయటికి పొడుచుకొచ్చింది. లోపల మెష్ పెట్టి కుట్టారు. మెష్ అంటే సన్నటి వలలాంటిదని నేను చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"నా పొట్టలో కూడా వలేసేరా అండీ! ఏం పడతాయంటారు?"

నవ్వు ఆగాక అసలు ప్రశ్న అడిగింది: "మళ్ళీ తట్ట ఎత్తగలనా అండీ? మా ఆయన కాలు విరిగి వేట మానేసేడు. నేను ఎత్తకపోతే మా పొయ్యిలో పిల్లి లేవదండి."

ఎత్తగలవు, కొన్ని నెలలు ఓపిక పట్టాలి అన్నాను. ఒకటే భయం. ఆ వలకి చీము పడితే తీసెయ్యాలి. తీసేస్తే ఆ పొట్ట మళ్ళీ బరువు మొయ్యలేదు. ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాను.

మర్నాటి నుంచి పలకరింపులు మొదలయ్యాయి. చుట్టాలూ ఊరివాళ్ళూ ఆటోలు కట్టించుకుని వచ్చేవారు. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు. మంచం చుట్టూ చేరి, ఎలా ఉందని అడిగి, ఆ తర్వాత మాట: "ఏదీ, కుట్లు చూపించవే."

మన వైపు పలకరింపు అంటే అడిగి వెళ్ళిపోవడం కాదు, చూసి వెళ్ళాలి. చూసినవాళ్ళు ఊళ్ళో దిగి జానెడుంది, బెత్తెడుంది అని చెప్పాలి. చూపించకపోతే వచ్చినవాళ్ళని తక్కువ చేసినట్టు. పైగా ఏదో పెద్ద రోగం దాస్తున్నారని గుసగుసలు. ఆదిలక్ష్మి మర్యాద తెలిసిన మనిషి. ఆటో దిగిన ప్రతి గుంపుకీ ప్లాస్టర్ ఒక పక్క లేపి, చూపించి, మళ్ళీ నొక్కేది. నేను ఒకసారి కళ్ళారా చూసి కేకలేశాను.

"చూపించకపోతే ఎలాగండీ? పనులు మానుకుని వచ్చేరు. ఇంతోటి కుట్లు దాచుకుందంటారండి" అంది, నాకే మర్యాద తెలియనట్టు.

అన్నిటికంటే ముంచింది ఆమె తోడికోడలు నూకరత్నం ప్రేమ. డాక్టర్లు మందు రాయలేదని బాధపడి, ఇంటి నుంచి ఆయింట్‌మెంట్ ట్యూబు తెచ్చింది. మూతి నొక్కుకుపోయిన పాత ట్యూబు. చేపముల్లు గుచ్చుకున్నా, కాలు గీరుకున్నా ఆ ఇంట్లో అందరి పుండ్లకీ అదే. మేం చూడకుండా వేలితో తీసి, కుట్ల పొడుగునా ముద్దగా రాసింది.

ఒక పొద్దున్న నా చెయ్యి తిరగేసి కట్టు పక్కన పెట్టాను. వేడి. అటుపక్క పెట్టాను. చల్లన. ఆదిలక్ష్మి నా మొహం చూసి "బానే ఉందండి, నొప్పేం లేదండి" అని గబగబా అంది. అప్పటికే ఒళ్ళు కాలుతోంది. ప్లాస్టర్ తీస్తే కుట్ల చుట్టూ ఎర్రగా వాచి, ఒక మూల నుంచి చీము ఊరుతోంది.

శ్రీవాణిగారు ఆ మూల కుట్లు విప్పి, చీము వదిలించి, సెలైన్‌తో కడిగించి, ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. బయటికి వచ్చాక నాతో అన్నారు: "చీము ఇంకా పైపైనే ఉందండి సిస్టర్‌గారూ. మెష్ దాకా దిగకుండా ఉంటే బతికిపోయాం. మళ్ళీ ఎవరూ ఆ కట్టు ముట్టుకోకూడదు. విజిటర్స్‌ని ఆపెయ్యండి."

ఆపేశాం. ఆ సాయంత్రం గేటు దగ్గర గొడవైంది. ఆదిలక్ష్మి మేనత్త, పెద్దావిడ, కొబ్బరిబొండాలు గేటు దగ్గర దింపేసి వెనక్కి వెళ్ళిపోయిందట. ఆ సంగతి తెలిసి ఆదిలక్ష్మి మంచం దిగి చీర సర్దుకుంది.

"నన్ను పంపేయండి. పెద్దమనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపేసేరు. రేపు నా గుమ్మం ఎవరు తొక్కుతారండి? నేను పోతే మొయ్యడానికైనా వత్తారా?"

చెయ్యి పట్టుకుని ఆపితే విదిలించుకుంది. ఆ గాయంతో ఆ ఆటోలో, ఆ రోడ్డు మీద ఇంటికి వెళ్తే వల దక్కదు. అది ఆమెకీ తెలుసు. తెలిసీ వెళ్ళిపోతానంటోంది. రూల్సు చెప్పడం ఎలాగో నాకు వచ్చు గానీ, అవి ఆమెని ఆపవు. అప్పుడు కరుణమ్మగారి మాట గుర్తొచ్చింది.

"ఆదిలక్ష్మీ, నీకు ఫోనుందా?" అన్నాను.

"ఉందండి. ఎందుకండి?"

"రేపు కట్టు మార్చేటప్పుడు కుట్లు ఫోటో తీయిస్తాను. మీ అత్తనీ రమ్మను, అందర్నీ రమ్మను. చూపించు. ఎంతసేపైనా చూపించు. కట్టు మాత్రం విప్పకు."

ఆమె చీర కుచ్చిళ్ళు వదిలేసి మంచం మీద కూర్చుంది.

శ్రీవాణిగారు మొదట వద్దన్నారు, తర్వాత నవ్వి సరేనన్నారు. మేనత్తగారు వచ్చి ఫోను కళ్ళ దగ్గర పెట్టుకుని, వేళ్ళతో సాగదీసి సాగదీసి చూశారు. "ఎంత బాగా కనపడతందో! విప్పి చూపించినా ఇంత కనపడదే" అన్నారు. తర్వాత వచ్చినవాళ్ళు "నిన్నటిదేదీ?" అని రెండు ఫోటోలూ పక్కపక్కన చూసేవారు. కొన్నాళ్ళకి నేను వార్డులో అడుగుపెట్టగానే వాళ్ళే రిపోర్టు చెప్పేవారు: "ఎరుపు తగ్గిందండి సిస్టర్‌గారూ, ఈ మూల ఇంకా కొంచెం ఉందండి."

నూకరత్నాన్ని తిట్టలేదు. తిట్టడానికి నోరు రాలేదు, అంత ఏడ్చింది. ట్యూబు చెత్తబుట్టలో వేయించి, "ఈ కట్టుని నీ చేతిలో పెడుతున్నాను, ఎవరూ ముట్టకుండా చూడాల్సింది నువ్వే" అన్నాను. ఆ తర్వాత శ్రీవాణిగారు చెయ్యి చాపినా "కడుక్కున్నారా అండీ?" అని అడిగేది.

పథ్యం దగ్గర ఇంకో యుద్ధం. నీచు తింటే చీము పడుతుందని ఆదిలక్ష్మి బ్రెడ్డూ చారన్నంతో గడిపేస్తోంది. గాయం మానాలంటే కండ పట్టే తిండి కావాలి. "చేపలమ్మి బతుకుతావు, ఆ చేపని నువ్వే నమ్మకపోతే కొనేవాళ్ళు ఎలా నమ్ముతారు?" అని అడిగాను. మర్నాడు క్యారేజీలో పులుసు వచ్చింది.

వల దక్కింది. పంపేటప్పుడు అక్కచెల్లెళ్ళలాంటి ఆ తోడికోడళ్ళిద్దరికీ చెయ్యి తిరగేసి చూడటం నేర్పాను. విప్పకండి, ఆనించి చూడండి, వేడిగా ఉంటే పరుగెత్తుకు రండి అని చెప్పాను. చాలా నెలల తర్వాత ఒక పొద్దున్న ఫోను చేసింది. వెనకాల సముద్రం హోరు. "ఎత్తేనండి! సగం తట్టే ఎత్తేనండి!" అని అరిచింది. ఆ రోజు ట్రాలీ ఎంత కీచుమన్నా నాకు వినబడలేదు.

ట్రాలీ వెళ్ళిపోయాక

ఇప్పుడు కుట్ల మీద నీళ్ళు దిగని పల్చటి పొర అంటించేస్తారు. లోపల ఎలా ఉందో బయటికే కనిపిస్తుంది. ఇంటికి పంపేదాకా చాలామందికి విప్పరు. చీము పట్టేవాళ్ళు తగ్గారు, అది నేను ఉద్యోగంలో ఉండగానే కళ్ళతో చూశాను. మా ట్రాలీ స్టోరు రూముకి వెళ్ళిపోయింది. వెళ్ళాల్సిందే. పిల్లలూ, మీరు చేస్తున్నదే సరైన పని.

అయినా నాకు ఆ పొద్దుటిపూటలంటే బెంగ. తప్పో ఒప్పో, రోజుకొకసారి ప్రతి మనిషినీ ముట్టుకునేవాళ్ళం. ప్లాస్టర్ లాగేటప్పుడు నొప్పి తెలియకూడదని కోడలి పేరేంటి, పాడి ఉందా అని అడిగేవాళ్ళం. ఆ మాటలు ఇప్పుడు ఏ వంకతో అడుగుతారు? కనీసం చెయ్యి తిరగేసి పెట్టి చూడండి. దానికి ఏమీ విప్పనక్కర్లేదు. నాకు ఇప్పటికీ బంధువులు ఫోనులో కుట్ల ఫోటోలు పంపుతారు. ఎరుపు కనిపిస్తుంది, వాపు కనిపిస్తుంది. వేడి తెలియదు. అరచేతిలో ఫోను పట్టుకుని దిక్కులు చూస్తాను.

నా ఆపరేషన్‌కి కూడా అంతా పద్ధతిగానే జరిగింది. అంటించారు, వదిలేశారు, ఇంటికి పంపారు. పలకరించడానికి చాలామంది వచ్చారు. ఒక్కరు కూడా కుట్లు చూపించమని అడగలేదు. నా నోటికి భయపడి ఎప్పుడో మానేశారు. మంచి అలవాటే చేశాను. మరి సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, పొట్ట మీద ఆ కట్టుతో నేనొక్కదాన్నే మిగిలానని ఎందుకు అనిపించిందో తెలియదు. మా వార్డులో ఆ ఆడవాళ్ళంతా ప్లాస్టర్ లేపి చూపించింది మర్యాద కోసమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. భయం కూడా ఉండి ఉంటుంది. ఇంకొకళ్ళు చూసి "బానే ఉందిలే" అంటే గానీ పోని భయం.

మొన్న ఆదిలక్ష్మి వచ్చింది. జుట్టు నెరిసింది, మనిషి మాత్రం గట్టిగానే ఉంది. పండుగప్ప ముక్కలు శుభ్రం చేసి తెచ్చి మా ఆయన చేతికిచ్చింది. ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి మంచం మీద కూర్చుంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక నా నోట్లోంచి వచ్చేసింది:

"కుట్లు చూస్తావా ఆదిలక్ష్మీ?"

"అయ్‌బాబోయ్! విప్పుతారేంటండి! ఈ మాటనేది మీరేనా?" అని నా చెయ్యి పట్టుకుని ఆపింది. నా మొహంలో ఏం కనిపించిందో, నవ్వడం మానేసింది.

"విప్పక్కర్లేదండి" అని నెమ్మదిగా చెయ్యి తిరగేసింది. చేపల పొలుసులు గీరిన మచ్చలున్న ఆ వేళ్ళ వెనకభాగాన్ని కట్టు పక్కన ఆనించి, కళ్ళు మూసుకుంది. తర్వాత అటుపక్క ఆనించింది. మళ్ళీ ఇటు.

"చల్లగా ఉందండి. రెండేపులా ఒక్కలాగే ఉంది. బానే ఉందండి సిస్టర్‌గారూ."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె కంగారుపడి చెయ్యి తియ్యబోయింది.

"ఏంటండీ, నొప్పెట్టిందా?"

"లేదమ్మా" అన్నాను. "కాసేపు అలాగే ఉంచు."